తవుడు బాన

దగ్గరికి జరిగి కూర్చోండి. కువైట్‌లో ఈ సాల్మియా వంటింట్లో ఏసీ చప్పుడు ఎక్కువ, నా గొంతు తక్కువ. శుక్రవారం కదా, ఇంటామె, నేను మామా అని పిలిచేది ఆమెనే, పిల్లలను తీసుకుని వాళ్ళ అమ్మగారింటికి భోజనానికి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు. నిదానంగా చెప్తాను, నిదానంగా వినండి.

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళుంటాయేమో, మా వీధి పిల్లలందరి దగ్గరా ఉండేళ్ళు ఉండేవి. సజ్జచేను కంకి పట్టిందంటే చిలకలు దిగుతాయి. వాటిని తోలడానికి పెద్దవాళ్ళే పంగల కర్రకు సైకిల్ ట్యూబు కట్టి ఇచ్చేవాళ్ళు. చేనులో వాడమని ఇచ్చినదాన్ని మేము వీధిలో వాడేవాళ్ళం. ఒక మధ్యాహ్నం గోడ మీది ఉడతను గురి చూసి నేను కొట్టిన రాయి గోడ దాటి పోయింది. అవతల పక్కింటి పిన్నమ్మ కూతురు, నా ఈడుదే, అంట్లు తోముతూ ఉంది. కేక వినపడింది. నేను పోయి గడ్డివామి వెనక కూర్చున్నాను. ఆ పిల్లకు ఎడమకన్ను పోయింది.

పెద్దవాళ్ళు బరికెలు పట్టుకుని పిల్లలందరినీ వరసగా నిలబెట్టి అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. ఉండేళ్ళు మాత్రం మాయమయ్యాయి. కొన్ని దిబ్బలో, కొన్ని చూరులో. నాది చూరులో. నాలుగురోజులు పోయాక ఎవరింటి రేకుల మీదో మళ్ళీ ఠంగుమని రాయి పడింది.

ఆ చప్పుడు విన్నాక మా జేజి, మా నాయన తల్లి, లేచింది. గింజలు పోసుకునే చీకటి గదిలో గేదెలకు పెట్టే తవుడు బాన ఒకటి ఉండేది, నా మెడ దాకా వచ్చేది. వీధి పిల్లలందరినీ పిలిపించి, ఒక్కొక్కరే లోపలికి పోయి తవుడులో మోచేతి దాకా చెయ్యి పెట్టి రావాలని చెప్పింది. దాచుకున్నది ఉంటే అక్కడ వదిలేయాలి, లేకపోతే ఊరికే కెలికి రావాలి. బయటికొచ్చాక అడిగేవాళ్ళు ఉండరు. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు ఒక బెల్లంముక్క. పోయి కావలసినవి తెచ్చుకోవడానికి కాసేపు టైము కూడా ఇచ్చింది.

నేను నా ఉండేలు పావడా మడతలో పెట్టుకుని పోయాను. తవుడు చల్లగా, మెత్తగా ఉంది. చెయ్యి లోపలికి పెట్టి వేళ్ళు వదిలాను. బయటికి వచ్చి చూసుకుంటే అందరి చేతులకూ మోచేతి దాకా ఒకే తీరుగా తవుడే. ఎవరిది ఏ చెయ్యో దేవుడికి కూడా తెలియదు. జేజి నా చేతిలోనూ అంతే ముక్క పెట్టింది.

సాయంత్రం బాన వంచితే పదమూడు ఉండేళ్ళు, వాటితో పాటు ఎవరూ అడగని చిన్న కత్తి ఒకటి బయటపడ్డాయి. జేజి అన్నిటినీ నీళ్ళ పొయ్యిలో పెట్టింది. పక్కింటి పిన్నమ్మ వాకిట్లో నిలబడి ఏడ్చింది. "నా బిడ్డ కన్ను తీసినోళ్ళు బెల్లం తిని పోయినారు గదత్తా. ఇదేం న్యాయం?" అంది.

జేజి పొయ్యి దగ్గరినుంచి లేవకుండానే, "పోయిన కన్ను నేను తేలేను మే. ఇంగో కన్ను పోకుండా చూడాల గదా," అంది. పిన్నమ్మ ఏడాది దాకా మా ఇంటి గడప తొక్కలేదు. జేజి ఆ ఏడాదంతా రోజూ వాళ్ళింటికి చల్ల పంపింది. చెంబు పట్టుకుని పోయేది నేనే.

నా పెళ్ళికి ముందురోజు ఆ పిల్లను పెరట్లోకి తీసుకుపోయి నిజం చెప్పాను. అది నా చేతి గోరింటాకు చూస్తూ, "నాకు అప్పుడే తెలుసు లేమే. అందరూ బెల్లం తిన్యారు, నువ్వు తినల్యా," అంది. అంతే. తర్వాత నా జడకు పూలు కట్టింది.

ఇప్పుడు నా బిడ్డ సంగతి. వాడు నాకు నలభై దాటాక పుట్టాడు, ఒక్కడే. వాడికి నాలుగేళ్ళప్పుడు కువైట్‌కు వచ్చాను. పదకొండేళ్ళప్పుడు, పొద్దుగూకే వేళ, శెనగచేనులో కావలి ఉన్న వాళ్ళ నాయనకు సంగటి క్యారియర్ తీసుకుపోతుంటే అవతలి చేలలోంచి గుండు వచ్చి తగిలింది. పంది అనుకుని కాల్చారు. ఎవరు కాల్చారో ఈరోజుకీ తెలియదు. కొండ కింది పల్లెల్లో పందుల కోసం నాటు తుపాకీ లేని ఇల్లు తక్కువ, లైసెన్సు ఉన్న ఇల్లు అసలు లేదు. పోలీసులు వచ్చేసరికి అన్నీ వాముల్లోకి, బావుల్లోకి పోయాయి.

ఫోను వచ్చినప్పుడు నేను ఇదే వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. మామా నా తల మీద చెయ్యి పెట్టి తనూ ఏడ్చింది. కాగితాలకు, టికెట్టుకు నాలుగురోజులు పట్టింది. నేను పోయేసరికి మట్టి కూడా ఆరిపోయింది. నెల ఉండి తిరిగి వచ్చాను. బట్టలు ఉతికే మిషను పక్కన నా గది. నిద్ర పట్టనప్పుడు ఆ మిషను గుండ్రటి అద్దంలో నా మొహమే కనిపిస్తుంది, ఇంకెవరూ ఉండరు.

ఆ తర్వాత ఇక్కడ ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టింది. ఇఖామా, అంటే ఇక్కడ ఉండేదానికి ఇచ్చే కార్డు, లేకుండా దాక్కున్నవాళ్ళు గడువులోపల వస్తే జరిమానా లేదు, జైలు లేదు, ఇంటికి పోవచ్చు. మా వైపు నుంచి వచ్చి అలా దాక్కున్న చెల్లెలొకామె ఉంటే తోడు పోయాను. సులైబియా గోదాముల వెనక ఏళ్ళ తరబడి దాక్కున్నవాళ్ళు, పోలీసు బండి కనిపిస్తే పరుగెత్తేవాళ్ళు, ఎవరూ పిలవకుండానే సంచులు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ఆ వరస చూస్తుంటే నాకు మా జేజి తవుడు బాన కళ్ళముందు కనిపించింది.

మా ఊళ్ళో తుపాకీ ఇచ్చేయాలన్నా ఎక్కడ ఇస్తారు? స్టేషన్‌కు పట్టుకుపోతే కేసు. అందుకే దాస్తారు. దాచిందే మళ్ళీ పేలుతుంది. ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే గోదావరి వైపు ఆమె ఒకరితో అర్జీ కాగితం రాయించాను. మన ప్రభుత్వం కూడా ఒక గడువు పెట్టాలి, ఆ లోపల తుపాకీ ఇచ్చినవాళ్ళ మీద కేసు ఉండకూడదు, పేరు అడగకూడదు, చేలకు కంచె వేసుకోవడానికి సాయం చేయాలి, గడువు దాటాక చట్టం గట్టిగా ఉండాలి. అలా చట్టం మార్చమని అడుగుతూ శుక్రవారాలు మనవాళ్ళ గదులకు పోయి సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకుంటున్నాను. "ఏం అక్కా, ఓట్లకు నిలబడతాండావా?" అని నవ్వేవాళ్ళు నవ్వుతారు. పెట్టేవాళ్ళు పెడతారు. పెట్టినవాళ్ళకు, పెట్టనివాళ్ళకు కూడా ఒక బెల్లంముక్క ఇచ్చి వస్తాను.

మా ఆయనకు ఈ సంగతి ఫోనులో చెప్పాను. "నా కొడుకును కాల్చినోడు గూడా ఆ తుపాకీ ఇచ్చేసి ఇంటికి పోతాడు. వానికి నువ్వే దోవ జూపిస్తాండావు," అన్నాడు. అది నిజమే. అప్పటినుంచి ఆయన నాకు ఫోను చేయడం మానేశాడు. నేను మాత్రం ప్రతి శుక్రవారం చేస్తాను. మోగి మోగి ఆగిపోతుంది.

పోయిన నెల కబ్ద్ ఎడారిలో గొర్రెల కొట్టాల దగ్గరికి పోయాను. అక్కడ పనిచేసే ఒకాయన, యాభై దాటినవాడు, నేను చెప్పేదంతా దూరంగా కూర్చుని విన్నాడు. ఏ ఊరని అడిగితే మా చేనుకు అవతలి పల్లె పేరు చెప్పాడు. అందరూ లేచిపోయాక నా దగ్గరికి వచ్చాడు.

"మా ఇంట్లో ఒకటి ఉండాది అక్కా. ఎక్కడియ్యాల్నో చెప్పు," అన్నాడు.

"ఇచ్చేదానికి చోటు ల్యాకనే గదన్నా ఈ కాగితం," అన్నాను.

బొటనవేలికి ఇంకు రాసుకుని ముద్ర వేశాడు. బెల్లంముక్క ఇచ్చాను. ఆయన తినలేదు. చాలాసేపు దాన్నే చూసి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తుపాకీ ఎప్పుడు, ఎవరి మీద పేలిందో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని సాల్మియా దాకా ఏడ్చాను. చేతిలో ఆయన వేలిముద్ర ఉన్న కాగితం ఉంది. నలగకుండా తెచ్చాను.

పంపిన కాగితాలకు మన ప్రభుత్వం నుంచి జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా తిరుగుతాను. ఎనిమిదేళ్ళప్పుడు తవుడులో వేళ్ళు వదిలాక నా చెయ్యి ఎంత తేలికైందో ఇప్పటికీ నాకు గుర్తే. ఆ తేలిక నాకు ఇవ్వడానికి పక్కింటి పిన్నమ్మ ఎంత బరువు మోసిందో నా బిడ్డ పోయాకే తెలిసింది.

ఇక లేవండి, మామా వాళ్ళు వచ్చే వేళయింది. మీ పిల్లలు పొద్దుగూకేలోగా క్షేమంగా ఇల్లు చేరాలి. మీ ఇంటి గోడకు చల్ల కవ్వం, పిల్లల పుస్తకాల సంచి తప్ప ఇంకేదీ వేలాడకుండా ఉండాలి. మీ గడప చల్లగా ఉండాలి.