స్పీడు ఉంది, వాడటం లేదు

మా బాబాయికి ఒకటే పిచ్చి: బండికి స్పీడు పెంచడం. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాణ్ని కూడా ఊరికే పోనివ్వడు. "ఎలాగూ వచ్చావు, ఇంజన్ విప్పేదా? కాస్త స్పీడు పెంచుదాం" అంటాడు. హారన్ మోగడం లేదని వచ్చిన ఒక పెద్దాయనకూ అదే మందు. "స్పీడు పెంచితే హారన్‌తో పనేముందండీ, ఎవరైనా వినేలోపే దాటిపోతారు" అన్నాడు. ఆయన మళ్లీ మా వీధిలో కనపడలేదు. ఆయన మెకానిక్ షాపు పక్కనే నాది జిరాక్స్ షాపు కాబట్టి ఈ వైద్యాలన్నీ నా కళ్లముందే జరిగేవి.

చిన్న ఇంజన్ పొట్టి దుప్పటి లాంటిది. తల కప్పుకుంటే కాళ్లు బయటికొస్తాయి. స్పీడు పెంచితే లాగుడు తగ్గుతుంది. బాబాయి తన బండికి ఉన్న బలమంతా స్పీడుకే పోశాడు. చదును రోడ్డు మీద దాన్ని పట్టుకునేవాడు లేడు. ఎదురింటి బీమా ఏజెంటు తన బండి మీద ఏళ్ల తరబడి వెంటపడి పొగ మింగడం తప్ప సాధించిందేమీ లేదు. మిట్ట ఎక్కాలంటే మాత్రం అదే బండికి ఆయాసం.

మా పిన్ని నర్సు. ఆసుపత్రేమో మిట్ట మీద. రోజూ బాబాయే బండి మీద దింపేవాడు. బండి దగ్గడం మొదలుపెట్టగానే పిన్ని తనే దిగి, టిఫిన్ క్యారియరు పట్టుకుని నడిచేది. "మీరు నెమ్మదిగా రండి, నేను గేటు దగ్గర ఉంటాను" అనేది. ఉండేది కూడా.

ఒకరోజు షాపులో కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటూ, "ఇక నావల్ల కాదు, ఉద్యోగం మానేస్తాను" అంది. ఆ పనంటే ఆవిడకి ప్రాణం.

"ఆటోలో వెళ్లొచ్చు కదా పిన్నీ?"

"మీ బాబాయి వెనక కూర్చోవడం అలవాటైపోయిందిరా."

బాబాయి విననట్టే స్పానర్ తుడుచుకున్నాడు. పిన్ని వెళ్లగానే షట్టరు సగం దించి బండి విప్పాడు. వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం బిగిస్తున్నాడు.

"బాబాయ్, దీంతో లాగుడు పెరుగుతుంది గానీ స్పీడు చచ్చిపోతుంది కదా?"

"కాగితాలవాడివి, నీకెందుకురా?" అన్నాడు, నావైపు చూడకుండా. నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

మర్నాడు బండి పిన్నిని దింపకుండా మిట్ట ఎక్కేసింది. సాయంత్రం తిరిగొస్తుంటే చదును రోడ్డు మీద ఏజెంటు వాళ్లను దాటేశాడు. ఆ సంబరం పట్టలేక షాపు ముందు ఆగి కాచుకున్నాడు.

"ఏం మేస్త్రీ, స్పీడంతా ఏమైపోయింది?"

"స్పీడు ఉంది, వాడటం లేదు."

పిన్నికి ఇంజన్ల సంగతి తెలియదు గానీ బాబాయి సంగతి బాగా తెలుసు. ఏజెంటు వెళ్లాక మెల్లగా అడిగింది. "ఇక రోజూ వాడు దాటిపోతుంటే మీకు చిన్నతనంగా ఉండదూ?"

"వాడి వెనక సీటు ఖాళీ. ఇంటికెళ్లాలని తొందర ఉంటుంది పాపం" అన్నాడు బాబాయి. "నాకేం తొందర?"