చుట్టునీళ్ళ దేశానికి ఉప్పు తగిలిన వారం

పలకల కార్ఖానాలో తలుపు పక్కన చోటు మెహతాబ్‌ది. ముప్పై ఏళ్ళుగా ఆమెదే. మేస్త్రీలు మారారు, మేకులు మారాయి, ఆ చోటు మారలేదు. రాతి పలకకు నాలుగు వైపులా చెక్క చట్రం బిగించి మూలల్లో మేకులు కొట్టడం ఆమె పని. ఆ పని చేతులకు అప్పగించి, నోటికి వేరే పని పెట్టుకుంది. నోరు ఊరికే కూర్చోలేక ఒక దేశాన్నే కట్టింది.

దాని పేరు చుట్టునీళ్ళు. నాలుగు దిక్కులా సముద్రం, నడుమ దేశం. మార్కాపురం ఎండల్లో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టి, ఆ వరసలో జుట్టూ జుట్టూ పట్టుకుని, ఊపిరాడకుండా పనికి వచ్చే ఆడవాళ్ళు కట్టుకున్న దేశం మరి ఎట్లా ఉంటుంది? ప్రతి ఇంటి గడపా నీళ్ళలోకే దిగుతుంది. గడప మీద కూర్చుని వంగితే బిందె నిండుతుంది. అక్కడి నీళ్ళల్లో ఫ్లోరైడు లేదు, ఎవరి పళ్ళకూ పచ్చగార ఉండదు, నలభై ఏళ్ళకే ఎవరి మోకాళ్ళూ వంకర పోవు. రాజు ఉన్నాడు గానీ ఏడాదికొకడు. రాజుగా ఉన్నన్నాళ్ళూ ఊరందరి అంట్లూ అతనే తోమాలి, అందుకని ఆ పదవికి పోటీ తక్కువ. పెళ్ళయితే మొగుడే వచ్చి పెళ్ళాం ఇంట్లో ఉంటాడు, మొదటి ఏడాది అత్త ముందు గట్టిగా దగ్గడానికి వీల్లేదు. నమాజు ఉంది, తిరునాళ్ళు ఉన్నాయి, రెంటికీ ఒకటే మైకు, వంతులు వేసుకుని వాడుకుంటారు. పడవ దిగినవాణ్ణి ఎవరూ కులం అడగరు. అడిగినవాణ్ణి అదే పడవ ఎక్కించి పంపేస్తారు.

ఇదంతా అమ్మకానికి పనికిరాని పగుళ్ళ పలక ఒకదాని మీద బలపంతో గీసి ఉంది. కార్ఖానాలో ప్రతి ఆడమనిషికీ అందులో ఒక ఇల్లుంది.

ఆ దేశానికి చట్టాలన్నీ చేసింది కాశమ్మ. మెహతాబ్ పక్కనే ఇరవై ఆరేళ్ళు కూర్చున్న మనిషి. మొదటి రోజే ఒక షరతు పెట్టింది. "దేవుడొచ్చినాడు, మంత్రమేసినాడు, వానొచ్చింది అని మాత్రం చెప్పగాకు. ఆ కథలు చానా విన్నా. మనుషులు ఏం జేసుకుంటే అదే చెప్పు."

రెండేళ్ళ కిందట కాశమ్మ కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో డయాలసిస్ యంత్రం పక్కన పడుకోవాలి, ప్రతిసారీ నాలుగు గంటలు. రోజుకు మూడు చిన్న గ్లాసులకు మించి నీళ్ళు తాగకూడదు. తొలి నెలలోనే "నేను పోను, చస్తే చస్తా" అని మంచం పట్టుకుంటే, మెహతాబ్ పలక చంకన పెట్టుకుని వెళ్ళింది. అప్పటినుంచి ప్రతి శనివారం కాశమ్మ పక్కన కూర్చుని చుట్టునీళ్ళ సంగతులు చెబుతుంది. మిగతా రెండు రోజులూ ఆ శనివారం కోసమే వెళ్ళొస్తున్నానని కాశమ్మ పైకే అనేది.

"నా గడప కాడ కూర్చోబెట్టు మెహతాబూ," అనేది కళ్ళు మూసుకుని. "దోసిట్లో కాదు, చెంబుతో. గొంతు దిగేది వినపడాల."

అట్లా సాగుతున్న దేశంలోకి బుధవారం నాడు రేణుక నోరు పెట్టింది. సముద్రం ఒడ్డున కొత్తపట్నం వైపు నుంచి కోడలుగా వచ్చిన పిల్ల, పనిలో చేరి నెల కాలేదు.

"పెద్దమ్మా, ఆ గడప దగ్గర ముంచుకున్న నీళ్ళు తాగుతారా?"

"తాగక? చూసుకుంటా కూర్చుంటారా?"

"సముద్రం నీళ్ళు కదా! నోట్లో పోసుకుంటే వాంతి వచ్చుద్ది. మా ఊళ్ళో గొడ్లు కూడా ముట్టవు."

మెహతాబ్ సుత్తి మేకు మీద కాక బొటనవేలి మీద పడింది.

సముద్రం ఉప్పుగా ఉంటుందని అక్కడ ఎవరికీ తెలియక కాదు. ఉప్పు ఎక్కడినుంచి వస్తుందో పసిపిల్లకూ తెలుసు. అయితే నీళ్ళు అన్న మాట వినగానే వాళ్ళకు తాగడం తప్ప ఇంకొకటి తోచలేదు. అన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరికి తోచలేదు. పరువు పోయింది అక్కడే.

"తియ్య సముద్రం అని చెప్పు, పీడా పోతుంది," అంది గోవిందమ్మ చట్రాలు అందిస్తూ.

"కాశమ్మ నమ్ముతుందా? నా మొహాన ఉమ్ముతుంది," అంది మెహతాబ్.

ఈ మాటలు ఆ సాయంత్రమే ఎవరో కాశమ్మ ఇంటికి మోశారు. మంచి కబురైతే నాలుగు రోజులు పట్టేది. గురువారం మధ్యాహ్నం కాశమ్మ కోడలు సుచరిత ఫోను చేసింది.

"పిన్నమ్మా, అత్త ఈ పొద్దు ఆస్పత్రికి రాలేదు. ఎంత బతిమాలినా లెయ్యలేదు. కాళ్ళు అప్పుడే వాచినాయి. శనివారం కూడా రానంటాంది. ఉప్పునీళ్ళ దేశం వినడానికి అంతదూరం రావాల్నా అంటాంది. ఏందది?"

"ఏం లేదులే, నేనొస్తా," అని ఫోను పెట్టేసింది మెహతాబ్. ఆ పూట బిగించిన చట్రాల్లో మూడు వంకరొచ్చాయి. ముప్పై ఏళ్ళలో అట్లా రాలేదు. లేచింది, కూర్చుంది, తలుపు దాకా పోయి వచ్చింది. మేస్త్రీ ఆ మూడూ తీసి పక్కన పెట్టాడు.

శుక్రవారం పొద్దున బోర్లు వేసే పీర్ సాహెబ్ దగ్గరికి పోయింది. అతను లారీ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు.

"పీర్ సాహెబూ, నాలుగు పక్కలా సముద్రముండే చోట బోరేస్తే మంచినీళ్ళు పడతాయా?"

అతను అక్క వరస కలిపి, కాళ్ళు కదపకుండా అన్నాడు. "ఎవరిది ఆపా, పొలం?"

"పొలం గాదు, దేశం."

అప్పుడు బయటికి వచ్చి కూర్చున్నాడు. "ఆపా, ఈ పక్క ఎనిమిదొందల అడుగులు దింపినా నాకు దుమ్ము పడింది. ఆ సముద్రం పక్క మావోళ్ళు నూరడుగులు దింపితే ఉప్పు పడింది. లోతుకు పోయేకొద్దీ ఉప్పే. మీ దేశానికి బోరు వద్దు. నా మాటిని ఆ రాజుకు చెప్పు."

ఇక మిగిలింది రేణుక ఒక్కతే. చెడగొట్టిన పిల్లనే దిక్కు అడగడం మెహతాబ్‌కు నామోషీగా ఉంది. మధ్యాహ్నం దాకా అడగలేదు. కాశమ్మ కాళ్ళ వాపు మాత్రం మనసులోంచి పోలేదు. చివరికి పలక మీది నుంచి కళ్ళెత్తకుండానే అంది.

"ఏమ్మే రేణుకా, మీ ఊళ్ళో మనుషులు ఏం తాగి బతుకుతారు? గాలా?"

రేణుక నవ్వింది. "ఇసకలో గుంట తీస్తాం పెద్దమ్మా. సముద్రానికి అల్లంత దూరంలోనే. తియ్యటి నీళ్ళు ఊరతయ్యి. వాన నీళ్ళు ఇసకలోకి దిగి, ఉప్పునీళ్ళ మీద తేలి ఉంటయ్యంట."

"ఎన్ని బిందెలు?"

"నిదానంగా చిప్పతో తోడుకుంటే రోజూ దొరుకుతాయి. ఆత్రపడితే ఉప్పెక్కుద్ది. ఒకాయన మోటారు పెట్టాడు, నాలుగు రోజుల్లో గుంట పాడయింది."

మెహతాబ్ సుత్తి కింద పెట్టింది. చెలమ! గుండ్లకమ్మ ఏరు ఎండినప్పుడు ఇసకలో చేత్తో తవ్వి, నీళ్ళు ఊరేదాకా గుంట చుట్టూ కూర్చునే చెలమ. చిన్నప్పుడు ఎన్ని తవ్వింది! నడుములోతు నీళ్ళలో దేశాన్ని నిలబెట్టి, చేతిలో ఉన్న చెలమను మరిచిపోయింది.

శనివారం పొద్దున ఆటో తీసుకుని పోయేసరికి కాశమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పాదాలు నున్నగా మెరుస్తున్నాయి.

"వచ్చినావా ఉప్పు మారాణీ?"

"లెయ్యి, ఆటో నిలబడుకోనుంది."

"నేను రాను. రెండేళ్ళు నాచేత ఉప్పునీళ్ళు తాగించినావు గదే."

మెహతాబ్ చంకలోని పలక తీసింది. మంచం మీద కూర్చుని, కొంగు తడిపి, పలక మీద గడపలన్నీ తుడిచేసింది. ఒక్కొక్క ఇంటి పెరట్లో ఒక్కో చిన్న సున్న చుట్టుకుంటూ పోయింది. బలపం కీచుమంటుంటే కాశమ్మ ఎంతసేపని గోడను చూస్తుంది?

"ఏందవి?"

"చెలమలు."

"ఎన్ని నీళ్ళూరతాయి?"

"మనిషికి మూడు గ్లాసులు. మించి తోడితే ఉప్పెక్కుతుంది."

కాశమ్మ ఇటు తిరిగింది. "అందరికీనా?"

"అందరికీ."

"రాజుకు?"

"వానికీ మూడే. అంట్లు సముద్రంలో తోముకుంటాడు."

కాశమ్మ ఒక సున్న మీద వేలు పెట్టింది. "నాలుగో గ్లాసు కావాలని ఎవరూ అడగరా?"

"దినామూ అడుగుతారు. తిట్టుకుంటారు. ఎండాకాలం నాలుక పిడచగట్టి గోడకు మొహం పెట్టుకోని పడుకుంటారు."

"అప్పుడేం జేస్తారు?"

"నాకేం తెలుసు? నేను చెంబుతో తాగే మనిషిని. మూడు గ్లాసులతో బతికేది నువ్వు. నువ్వే చెప్పాల."

సుచరిత తలుపు దగ్గర చెప్పులు పట్టుకుని నిలబడింది. కాశమ్మ మోచేతి మీద లేచింది, కోడలి చేతిలోని చెప్పుల్లో ఒకటి లాక్కుంది, వాచిన కాలిని దాంట్లోకి తోసుకుంటూ అంది.

"లవంగం బుగ్గన పెట్టుకోవాల. గ్లాసు ఎత్తి పోసుకోగూడదు, పెదవి తడవాల ముందు. రాసుకో."

"నాకు రాసేదెక్కడొచ్చే?"

"అయితే గుర్తు పెట్టుకో."

ఆటోలో కూర్చున్నాక కాశమ్మ పలకను తన ఒళ్ళోకి తీసుకుంది. రోడ్డు గుంతలకు బలపం ఎగిరిపడుతుంటే పట్టుకుని, ఆస్పత్రి వచ్చేలోపల, మొదటి గ్లాసు పొద్దున్నే తాగేసేవాళ్ళు ఆ దేశంలో రాజు పదవికి పనికిరారని చట్టం చేసేసింది.