ఓబుళమ్మవ్వ పెట్టిన పరీక్ష

పోయిన వారం హిందూపురం సంతలో ఒక మేకపిల్ల నా అరచేయి నాకింది. దాని నోటి నుంచి పులిసిన పాల వాసన వచ్చింది. నా ప్రమేయం లేకుండానే నా రెండు వేళ్లు దాని మెడ మీద తోలు పట్టుకుని, కొంచెం పైకి లాగి వదిలాయి. తోలు వెంటనే సర్దుకోలేదు. కాసేపు మడతగానే నిలబడింది. "ఏమప్పా, కొంటావా?" అన్నాడు అమ్మేవాడు. "కొనను. దీనికి పారుడు పట్టుకుంది, నీళ్ల విరేచనాలు. ఈ పూట పాలు తగ్గించి, ఉప్పు వేసిన పల్చటి రాగిగంజి కొంచెం కొంచెంగా తాపు" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "డాక్టరువా?" అన్నాడు. అవునన్నాను. పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరై చాలా ఏళ్లయింది. అయితే తోలు పట్టి చూడటం నా వేళ్లకు అలవాటు చేసింది పెనుకొండ కొండ కింది పల్లెలో మేకలు కాసుకున్న ఓబుళమ్మవ్వ.

నేను ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి. కాలేజీలో చేరేదాకా మేకను దగ్గరగా చూసింది లేదు. అరవైల మొదట్లో పెనుకొండ పశువుల ఆసుపత్రికి నన్ను వేసినప్పుడు నా దగ్గర కొత్త సైకిలు, కొత్త మందుల పెట్టె, వాటికి తగ్గ గర్వం ఉండేవి. వచ్చిన నెలలోనే ఆ పల్లెలో మేకపిల్లలు పారుకుని చచ్చిపోతున్నాయని కబురొచ్చింది. వెళ్లి ఇంటింటా మాత్రలు నూరి తాపించాను. అందరూ తాపించుకున్నారు. ఊరి చివర గుడిసె ముందు కూర్చున్న ఒక ముసలావిడ మాత్రం ఒళ్లో పిల్లను పెట్టుకుని, దాని నోట్లో వేలితో ఏదో చుక్కలు వేస్తూ నన్ను చూసింది. సన్నటి మనిషి, నుదుటి మీద ఎండకు పడిన గీతలు. పేరు ఓబుళమ్మ. భర్త పోయాక మందను తానొక్కతే చూసుకుంటోంది.

"మందు వద్దా అవ్వా?" అన్నాను.

"వద్దనల్యా సామీ. ఇట్ల రా, దీని తోలు పట్టి చూడు" అంది. పట్టి చూశాను. మడత అట్లాగే నిలిచింది. "ఒంట్లో నీళ్లు ల్యావు. నీళ్లు ల్యాని ఒంటికి నీ మందు యాడ నిలుస్తాది? ముందు తడి పట్టనీ, ఆనక తాపుదువు."

గిన్నెలో రాగిగంజి, అందులో ఉప్పు, ఇంత బెల్లం. పొద్దుటి నుంచి ఆమె చేస్తున్న పని అదొక్కటే. ఒక పిల్లకు నాలుగు చుక్కలు, ఆ తర్వాత ఇంకో పిల్లకు, మళ్లీ మొదటిదానికి. ఒక్కసారిగా తాపితే కక్కుకుంటాయని చెప్పింది. మూడో రోజు నేను మళ్లీ వెళ్లేసరికి నేను మాత్రలు వేసిన ఇళ్లలో సగం పిల్లలు లేవు. ఆమె దొడ్డిలో అన్నీ లేచి తిరుగుతున్నాయి. ఒంట్లో నీరు తగ్గడం గురించి నేను పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ రెండు పేజీలూ ఆ గిన్నెలో కనిపించి, ఎండలో నిలబడి తల దించుకున్నాను.

ఆ తర్వాత పని ఉన్నా లేకపోయినా ఆ పల్లెకు వెళ్లేవాణ్ణి. ఆమె దొడ్డిలో పిల్లలకు వేరే చోటు ఉండేది, పెద్దవాటి పెంటికలు అక్కడికి చేరకుండా. పది రోజులకొకసారి నేల పైమట్టి గీకి తీసేసి, బూడిద చల్లి, ఎండనిచ్చేది. పుట్టిన పిల్ల లేచి నిలబడకముందే ముర్రుపాలు నోట్లో పిండేది. ఎవరు నేర్పారని అడిగితే నవ్వింది. "ఎవురు నేర్పుతారప్పా? చచ్చినేటివి చెప్పినాయి."

ఆ మాట అర్థం తర్వాత తెలిసింది. ఆమె చచ్చిన ప్రతి పిల్లనూ కోసి చూసేది. ఊళ్లో వాళ్లు దాన్ని చూసి మొహం తిప్పుకునేవారు. ఆమె లెక్కచేసేది కాదు. ఒక రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తొలకరి తర్వాత ఉన్నట్టుండి చచ్చిన ఒక పిల్లను కోసింది. కడుపు నిండా లేత గడ్డి. మూత్రపిండం మీద వేలు పెడితే బురదలోకి దిగినట్టు దిగింది. "చూసినావా? పారుడుతో పోయిన దాంట్లో ఇది గట్టిగా ఉంటాది. ఇది వేరే రోగం. బక్కదాన్ని ముట్టదు, బాగా తిని బలిసిన దాన్నే తీస్కపోతాది. పొద్దున ఎగురుతా ఉంటాది, మద్దేనానికి ఉండదు. దీనికి గంజి పనికిరాదు. దీనికి నాకు దారి ల్యాదు సామీ." జనం చిటుక రోగమని పిలిచే ఆ జబ్బు లక్షణాలు నా పుస్తకంలో ఏ వరుసలో ఉన్నాయో, చదువురాని ఆ మనిషి అదే వరుసలో చెప్పింది.

దారి నా దగ్గర ఉంది. చిటుక రోగానికి టీకా ఉందని చెప్పాను. మరుసటి ఎండాకాలం మంచు నింపిన ఫ్లాస్కుల్లో ఆ టీకా మందు రైలులో దిగింది. సైకిలుకు కట్టుకుని నేరుగా ఆ పల్లెకే వెళ్లాను. ఊరంతా వద్దంది. సూది వేస్తే పిల్లలు చస్తాయని పుకారు. అందరూ ఓబుళమ్మవ్వ వైపు చూశారు. ఆమె దొడ్డి వైపు తిరిగి మందను చూసింది. చివరికి, "సగానికి ఏయ్యి, సగానికి వద్దు. వాన పడినంక చూస్తాం" అంది.

"ఏ సగం? బలిసినవాటికి వేద్దామా?" అన్నాను.

"నేను ఏరితే నా మనసు ఏరుతాది. నువ్వు ఏరితే నీ మనసు ఏరుతాది. దొడ్డి తలుపు తీస్తా. వచ్చింది వచ్చినట్ల ఒకటి ఇటు, ఒకటి అటు."

అట్లాగే చేశాం. సూది వేసినవాటికి గుర్తుగా మా నాయన మగ్గం దగ్గర నుంచి తెచ్చుకున్న ఎర్ర పట్టుపోగులు మెడకు కట్టాను. చివరికొచ్చేసరికి నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న పిల్ల ఒకటి బయటకు దూకింది. దాని పేరు చుక్కి. తల్లి చచ్చిపోతే ఓబుళమ్మవ్వ ఒళ్లో పెట్టుకుని పెంచింది. ఎక్కడికి వెళ్లినా ఆమె కొంగు పట్టుకుని నడిచేది. అది సూది వద్దన్న వైపు పడింది. మందలో అన్నిటికంటే బలిసింది అదే. నేను సూది పట్టుకుని ముందుకు వంగాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"వద్దు సామీ. దాన్ని ఇటు తీస్తే రేపు ఎవురూ నమ్మరు. నేనే నమ్మను."

ఆ చేయి వణుకుతూ ఉంది. అయినా వదల్లేదు.

మొదటి వాన పడింది. కొండ పాదమంతా పచ్చబడింది. వారం తిరిగేలోపు దారం లేనివాటిలో ఏడు పోయాయి. దారం కట్టినవి ఒక్కటీ పోలేదు. నేను వెళ్లేసరికి గుడిసె ముందు ఊరు ఊరంతా నిలబడి ఉంది. చుక్కి ఆమె ముందు చాప మీద ఉంది. ఆమె కళ్లు తుడుచుకుని, కత్తి తీసుకుని, తానే దాన్ని కోసింది. మూత్రపిండం మీద వేలు పెట్టి అందరికీ చూపించింది. "అదే రోగం" అంది. కత్తి కింద పెట్టి నా వైపు తిరిగి, "మిగిలినవాటికి ఏయ్యి. ఊరందరివాటికీ ఏయ్యి" అంది. ఆ రోజు పొద్దుగూకేదాకా నా ముందు మేకల వరుస తెగలేదు. సూదులు పెడుతూ మధ్యమధ్య తలెత్తి ఆమెను చూశాను. నా జీవితంలో అంతకు ముందు గానీ తర్వాత గానీ ఏ మనిషినీ అంత భయభక్తులతో చూడలేదు.

మరుసటి ఏడాది ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో ఇదే గొడవ వచ్చింది. ఓబుళమ్మవ్వకు సంగతి చెబితే, తానూ వస్తానంది. ఇద్దరం బస్సులో వెళ్లాం. నేను అరగంట సేపు టీకా గురించి చెప్పాను. ఒక్కరూ కదల్లేదు. "నీకేమప్పా, సూది పొడిచి నీ దారిన నువ్వు పోతావు. చస్తే మావి చస్తాయి" అన్నాడొక పెద్దమనిషి. అప్పుడు ఆమె లేచి నిలబడింది. కొత్త ఊరు, మొగవాళ్ల గుంపు. గొంతు పెంచలేదు.

"నా చేత్తో సాకిన పిల్లను పోగొట్టుకొని నేను తెలుసుకున్యా. మీరు ఏమీ పోగొట్టుకోకుండా తెలుసుకోండప్పా."

ఆ పెద్దమనిషే లేచి వెళ్లి, ఒక మేకపిల్లను చంకన పెట్టుకుని వచ్చి నా ముందు దించాడు.

ఓబుళమ్మవ్వ పోయి చాలా కాలమైంది. ఏ ఊరికి వెళ్లినా, మందు పెట్టె తెరిచే ముందు అక్కడి మేకలు కాసేవాళ్లను "మీరేం చూశారు?" అని అడగడం ఆమె నాకిచ్చిన అలవాటు. దానివల్ల ఎన్ని పిల్లలు బతికాయో నాకు తెలియదు. ఇప్పటికీ ఏ పుస్తకంలోనైనా 'టీకా వేయని గుంపులో' అన్న మాట కంటపడితే అక్కడ ఆగిపోతాను. ఆ గుంపులో ఎవరి చేతుల మీద పెరిగిన పిల్ల ఉందో, దాన్ని అక్కడ ఉంచడానికి ఎవరి చేయి ఎంత వణికిందో అనుకుంటాను. ఆ తర్వాతే పేజీ తిప్పుతాను.