పెళ్ళి సీసా మీద ఈతగెల

మేం ముసల్మానులం. తాగుడు మాట ఎత్తితే చాలు, మా అబ్బా చెయ్యి లేచేది. నా స్నేహితుడు బాప్టిస్టు. వాళ్ళింట్లో ఆ మాట ఎత్తితే ముందు ప్రార్థన, ఆ తర్వాత చెయ్యి. అలాంటి మేమిద్దరం కూర్చుని వైను సీసాకు లేబుల్ తయారు చేశాం. ఆ పనికి ఉదయగిరి మొత్తం మీద మాకన్నా తగినవాళ్ళు దొరకరని అప్పట్లో మాకు గట్టి నమ్మకం.

మాది చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇల్లు. వాడు నెల్లూరులో కరెంటాఫీసు గుమాస్తా. సోమశిల డ్యాం పని జరుగుతున్న రోజుల్లో వాడికి పెళ్ళి కుదిరింది. అంతకు కాస్త ముందు ఎవరో ఆఫీసరు కూతురి పెళ్ళికని మద్రాసు పోయొచ్చాడు. ఇక అప్పటి నుంచి కాళ్ళు నేల మీద ఆనలేదు. అక్కడ ప్రతి బల్ల మీదా వైను సీసా ఉందట. సీసా మీద పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, మధ్యలో ద్రాక్షగుత్తి బొమ్మ.

"నా పెళ్ళికి కూడా అట్టాంటిది ఉండాల్రా" అన్నాడు.

"వైనా? మీ పాస్టరుగారు నీ తోలు తీస్తాడు" అన్నాను.

"వైను కాదురా సామీ. చర్చిలో ప్రభురాత్రి భోజనానికి ఇస్తారే, ఎండుద్రాక్ష ఉడకేసిన రసం, అదే. లేబులు మాత్రం మద్రాసుది."

లోపల భక్తి, బయట మద్రాసు. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరికి తోస్తుంది?

పెళ్ళికూతురిది ఆత్మకూరు. వాళ్ళ నాయన బడిలో అయ్యవారు, చర్చిలో సంఘపెద్ద. ఆ పిల్లంటే మావాడికి ప్రాణం. కానీ మావాడి నాయన ఒకప్పుడు ఇంట్లో కన్నా ఈతకల్లు అంగడి దగ్గరే ఎక్కువ కాపురం చేసిన మనిషి. మానేసి చాలా ఏళ్ళయింది. మానేశాడని ఊరంతా ఒప్పుకుంటుంది గానీ నమ్మేవాళ్ళు తక్కువ. అందుకే అయ్యవారు సంబంధం ఖాయం చేసేటప్పుడే మొహమాటం లేకుండా చెప్పేశారు. పెళ్ళిలో కల్లు గానీ సారా గానీ ఒక్క చుక్క కనబడినా పిల్లను తీసుకుని ఇంట్లోకి పోతానన్నారు. ఆ మాట విన్న తర్వాత కూడా సీసాలకు లేబుల్ అంటించాలని తోచిందంటే మావాడి తెలివిని మెచ్చుకోవాలి. ఆ తెలివికి బొమ్మ చెక్కి ఇచ్చిన నన్ను ఇంకా మెచ్చుకోవాలి.

అచ్చు వేయడానికి, మేం గరిటెలకు వాడే నర్ది చెక్క మీద బ్లాకు చెక్కడం మొదలుపెట్టాను. చిక్కొచ్చింది ద్రాక్ష దగ్గర. మాకు ద్రాక్షంటే సేమియాలో తేలే కిస్‌మిస్సే. అది చెట్టుకు ఎలా వేలాడుతుందో నేనెప్పుడు చూశాను గనక? వాడు మద్రాసులో చూశాడు కదా, చెప్పమన్నాను. "గుత్తులు గుత్తులుగా ఉంటాదిరా, గుండ్రంగా, కిందికి దిగి" అన్నాడు. అంత వివరంగా చెప్పాక ఇంకేం కావాలి! కొండ కింద ఎటు చూసినా గుత్తులు గుత్తులుగా కిందికి దిగి ఉన్న కాయలున్నాయి. వాటిని చూసుకుంటూ చక్కగా చెక్కాను. మా అబ్బా చూసి, "ఈతగెల బాగా కుదిరినాది, ఏ గరిటెకు?" అన్నాడు. ముసలాయనకు కళ్ళు కనబడడం లేదనుకున్నాను.

ఆత్మకూరు ప్రెస్సులో అచ్చు వేయించాం. బొమ్మ కింద 'ద్రాక్షరసం' అని వేయించి ఊరుకుంటే సరిపోయేది. మావాడు ముందుజాగ్రత్త గలవాడు. దాని కింద 'మత్తు లేనిది' అని అంతకన్నా లావు అక్షరాల్లో వేయించాడు. పాలచెంబు మీద విషం లేదని రాసి చూడండి, ఎవరైనా తాగుతారేమో. ఇక సీసాల కోసం పాతసామాన్ల అంగడికి పోయాం. అక్కడ దొరికేవి ఏ సీసాలో నేను చెప్పాలా? బ్రాందీవే. సున్నం నీళ్ళతో కడిగి, వాళ్ళమ్మ ఉడకబెట్టిన రసం పోసి, లేబుల్ అంటించి, వరిగడ్డిలో పేర్చి దాచాం. అందరినీ ఒకేసారి ఆశ్చర్యపరచాలని మావాడి ఉద్దేశం.

అదైతే అనుకున్నట్టే జరిగింది. పెళ్ళిరోజు పొద్దున ఆత్మకూరులో పెళ్ళికూతురింటి ముందు వ్యాను ఆగి, గడ్డి తీసేసరికి అందరూ ఆశ్చర్యపోయారు. బ్రాందీ సీసా, దాని మీద ఈతగెల, కింద మత్తు లేదని హామీ. అయ్యవారు ఒక సీసా చేతికి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత కూతురిని లోపలికి పొమ్మన్నారు.

సంఘపెద్దలు చుట్టూ చేరారు. ఒకరు వాసన చూశారు. ఒకరు ఎండకు పెట్టి చూశారు. పాస్టరుగారు ఒక గుక్క తాగి, రసమేనని తేల్చారు. "మొదట్లో తియ్యగానే ఉంటాది, తర్వాత తెలస్తాది" అన్నాడు ఇంకో పెద్ద. ఆయనకు ఎలా తెలుసని ఎవరూ అడగలేదు, సంఘంలో మర్యాద అలాంటిది.

అయ్యవారు గ్లాసులో రసం పోసి మావాడి నాయన ముందుకు చాచారు. "బావగారూ, సీసా సంగతి నాకొద్దు. రసమే అయితే మీరు తాగండి."

ఆయన గ్లాసు వైపు చూడలేదు. లేబుల్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"తాగు నాయనా, రసమే గదా" అన్నాడు మావాడు, ఏడుపు గొంతుతో.

"రసమేరా. మీ అమ్మ ఉడకేస్తా ఉంటే పొయ్యి కాడ ఉండింది నేనే" అన్నాడు ఆయన. "కానీ ఈ సీసా, ఈ గెల చూస్తానే నా నోట్లో నీళ్ళూరినాయి. అట్టా ఊరినాక నేను దేన్నీ ముట్టను. పెళ్ళి చేస్తే చేయండి, మానితే మానండి."

కొడుకు పెళ్ళి చేజారిపోతుందని తెలిసే అన్నాడు. అంత జనంలో ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమై ఉంటుందో అప్పుడు నాకు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది.

అయ్యవారు గ్లాసు కింద పెట్టారు. "పాస్టరుగారూ, పెళ్ళి గంట కొట్టించండి" అన్నారు.

విందులో మా సీసాలకు వచ్చిన గిరాకీ ఇంతా అంతా కాదు. మత్తు లేదని అంత గట్టిగా రాశారంటే ఏదో ఉండే ఉంటుందని జనం ఎగబడి తాగారు. కొందరు తూలారు కూడా. ఉడికిన కిస్‌మిస్‌తో తూలడం చేతగాని పని కాదు, మనిషికి నమ్మకం ఉండాలి.

మావాడి నాయన పంక్తి చివర్లో తలొంచుకుని కూర్చున్నాడు. అయ్యవారు వచ్చి, ఆయన విస్తరి ముందున్న సీసా తీసేశారు. లోపలికి పోయి బావినీళ్ళ చెంబు తెచ్చి, ఆయన గ్లాసు నింపి, తన విస్తరి కూడా అక్కడికే తెప్పించుకుని పక్కన కూర్చున్నారు. ఇద్దరూ నీళ్ళే తాగారు.