డెమో క్లాసుకొచ్చిన పెద్దాయన

నేను అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో జావా చెబుతాను. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు మూడు రోజులు డెమో క్లాసులు ఉచితం, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఎండాకాలం కదా, మధ్యాహ్నం కరెంటు పోగానే మా సెంటర్‌లో జనరేటర్ వేస్తారు, ఏసీ ఆగదు.

ఈ మూడు రోజులూ వెనక వరుసలో, సరిగ్గా ఏసీ కింద, డెబ్బై దాటిన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను కూడా పెట్టుకున్నాడు. కొడుకునో మనవణ్నో చేర్పించడానికి వచ్చాడనుకున్నాను. ఈ రోజు క్లాసయ్యాక దగ్గరికెళ్లి, "ఎవర్ని చేరుస్తున్నారండీ?" అని అడిగాను.

"ఎవర్ని లేదు సార్. మాది పక్క గల్లీల రేకుల రూము. కరెంటు పోతే లోపట కూసోలేం. వచ్చే పింఛన్ కిరాయికి, మందులకే అయితది, ఇన్వర్టర్ యాడ కొంటం? గీడ ఫ్రీ అని బోర్డు చూసి వచ్చిన."

టైమెంతయిందో చెప్పినట్టు చెప్పాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"మా ఇంటామెకు ఆయాసం సార్. రేపటి సంది ఆమెను తీస్కొస్త. ఆడోళ్లను సుత రానిస్తరు కదా?"

డెమోలు ఈ రోజుతో అయిపోయాయి. రేపటి నుంచి ఫీజు కట్టినవాళ్లకే క్లాసు. ఆ మాట చెప్పడానికే నోరు తెరిచాను, "రానిస్తారండీ" అని వచ్చింది.

రేపు మా ఓనరుకు ఏం చెప్పాలో మీకేమైనా తోస్తే కామెంట్లో పెట్టండి. ఇద్దరికీ జావా మీద ఇష్టమంటే మాత్రం ఆయన నమ్మడు.