దేశం ఏడ్చిన రోజు నా హమ్మయ్య

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మా వీధికంతటికీ ఒక్కటే రేడియో. అది పక్కింటి టీచరమ్మగారిది. ఆవిడ మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. సాయంత్రం వార్తలకి వీధంతా వాళ్ల అరుగు మీదికి చేరేది. పిల్లలు రేడియో ముట్టుకోకూడదన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క రూలు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. రూళ్లంటే కాపీ పుస్తకంలోనే గౌరవం, అక్కడ కూడా వంకరగానే.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం టీచరమ్మగారు లోపల కునుకు తీస్తుంటే, పిల్లిలా వెళ్లి రేడియో పెట్టాను. సినిమా పాట వస్తోంది. ఇంకాస్త బాగా వినబడాలని మీట తిప్పాను. పాట ఠక్కున ఆగిపోయింది. ఎవరో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడారు. నాకా, ఇంగ్లీషులో నా పేరు రాయడమే గగనం. ఆ తర్వాత వీణ మొదలైంది, ఎవరో కుమిలి ఏడుస్తున్నట్టుగా. అటు తిప్పినా వీణే, ఇటు తిప్పినా ఏడుపే. చక్కగా పాడే రేడియో నా చెయ్యి పడగానే పాడైపోయింది!

రేడియో కట్టేసి, పరుగెత్తుకొచ్చి మా ఇంట్లో జీడిపిక్కల బస్తాల వెనక నక్కాను. నాన్న కొట్టే దెబ్బల కన్నా, టీచరమ్మగారు ఇక ఆ అరుగెక్కనివ్వరేమోనన్నదే నా బెంగ. రేడియో బాగైతే పది కొబ్బరికాయలు కొడతానని ఉపమాక వెంకన్నకి మొక్కేశాను.

సాయంత్రం నాన్న నన్ను వెతికి, చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్లాడు. అరుగు నిండా జనం. అందరూ తలలు దించుకుని కూర్చున్నారు. నా సంగతి తెలిసిపోయిందనుకున్నాను. టీచరమ్మగారు రేడియో పెట్టారు. అదే వీణ. నాన్న చెయ్యి విడిపించుకోబోయాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "మన ప్రధానమంత్రిగారు మధ్యాహ్నం పోయారు. అందుకే పాటలాపేసి ఇది వేస్తన్నారు" అన్నారు.

"హమ్మయ్య!"

మనసులో అనుకోవాల్సిన మాట, వీధంతా వినేలా అనేశాను.

నాన్న చెయ్యి లేచింది. "దేశమంతా ఏడుస్తంటే నీకు హమ్మయ్యేటే? సిగ్గు నేదా?"

ఆ చెయ్యి నా మీద పడలేదు. టీచరమ్మగారు అడ్డం వచ్చారు. "ఆగండి బాబూ. ముందు అడుగుదుం. కొట్టడానికేటి, ఎప్పుడైనా కొట్టొచ్చు" అని, నా పక్కన చతికిలబడి, "ఏటైంది తల్లీ, సెప్పు" అన్నారు. ఆవిడ చెవిలో అంతా చెప్పేశాను, కొబ్బరికాయలతో సహా. ఏడుస్తున్న ఆ మొహంలోకి ఒక నవ్వు వచ్చి వెళ్లిపోయింది. "పిల్ల దేనికో బెదిరిపోనాది, అంతే" అన్నారు అందరితో. తర్వాత నా వేళ్లు పట్టుకుని ఆ మీట నా చేతే తిప్పించారు. ఏ స్టేషను పెట్టినా అదే వీణ. "దేశాన్నంతటినీ ఏడిపించేటంత దానివేటే నువ్వు?" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఎవరి కోసం ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు వాళ్ల పెరటి చెట్టు నుంచి దింపిన పది కొబ్బరికాయలు గోనెసంచిలో మా ఇంటికి వచ్చాయి. ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి, ఉపమాక వెంకన్న దగ్గర నా మాట పోకుండా కాపాడారు.

ఆ రోజు ఎవరెక్కడున్నారో నా ఈడువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను టీచరమ్మగారి వెనక ఉన్నాను. ఈమధ్య చావింట్లో మా మనవడు కిసుక్కున నవ్వితే నా చెయ్యి దానంతటదే లేచింది, అచ్చం మా నాన్న చెయ్యిలాగే. లేచిన చేతిని వాడి భుజం మీద వేశాను. పక్కన చతికిలబడి, "ఏటైంది నాన్నా, సెప్పు" అన్నాను.