బండెక్కేటప్పుడు కుడుములు

పోయిన సోమవారం పొద్దున నేను గడప ముందు ముగ్గు వేస్తుండగా ఎదురింటి తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ కూతురు చెప్పులు కూడా లేకుండా బయటికి వచ్చి, "ఆంటీ, అమ్మ లేస్తలేదు" అంది. లోపలికి వెళ్ళి చేయి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని కూర్చోబెట్టి, బయటికి వచ్చి, సగం వేసిన ముగ్గును తడిబట్టతో తుడిచేశాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మియాపూర్‌లో మా ఎదురు ఫ్లాటులో కిరాయికి ఉండేది. హైటెక్ సిటీ రోడ్డు మీద చాలా ఏళ్ళు చిన్న బ్యూటీ పార్లర్ నడిపింది కాబట్టి అపార్ట్‌మెంటులో అందరికీ పార్లరమ్మ. నేను మాత్రం పెద్దమ్మా అని పిలిచేదాన్ని. చైనా వాళ్ళ మనిషి. వాళ్ళ నాన్న ఎప్పుడో ఆ దేశం ఉత్తరపు దిక్కు నుంచి పట్టుబట్టలు అమ్ముకుంటూ కలకత్తా వచ్చి ఉండిపోయాడట. ఆమె అక్కడే పుట్టి, పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చింది. భర్త పోయాక కూతురిని తానే చదివించింది. మాట్లాడేది మన తెలుగే, మధ్యమధ్య హిందీ.

మా స్నేహం పిండి దగ్గర మొదలైంది. ఒకరోజు చక్కెర కోసం వాళ్ళింటికి వెళితే ఆమె పలుచటి గోధుమపిండి బిళ్ళల్లో కూర పెట్టి మడుస్తోంది. వాటిని జియావోజి అంటారట. అపార్ట్‌మెంటు పిల్లలకు అవి మోమోలు. నా కంటికి మాత్రం ఆవిరి మీద ఉడకబోయే గరిజెల్లా, అంటే కజ్జికాయల్లా కనిపించాయి.

"జర చెయ్యి వెయ్ బిడ్డా" అంది. వేశాను. అంచు మడిచిన తీరు చూసి, "ఎవరు నేర్పిన్రు?" అని అడిగింది.

"మా అమ్మ. గరిజెలకు ఇట్లనే మడుస్తం."

"అయితే మీ అమ్మ, మా అమ్మ ఒక్క బడిల చదివిన్రు."

నేను నీచు ముట్టనని చెప్పాను. మరుసటి వారం వెళ్ళేసరికి కొత్త గిన్నె ఒకటి కొని, పిడికి ఎర్రదారం కట్టి విడిగా పెట్టింది. క్యాబేజీ, పనీరు, కొత్తిమీర పెట్టిన కుడుములు తప్ప ఆ గిన్నెలో ఇంకేదీ ఉడకలేదు. కూతురు మరచిపోయి ఒకసారి అందులో కోడిగుడ్డు ఉడకబెట్టబోతే, "అది దేవుని గిన్నె, దించు" అని కేకేసిందట. వినాయక చవితికి నేను కుడుములు తీసుకెళ్ళి ఇస్తే కళ్ళకద్దుకుని, "మీ సామికి గూడ ఇవేనా? ఇగ నాకు ఫికర్ లేదు" అనేది.

కుడుములతో ముడిపెట్టి ఆమె చెప్పని మాట లేదు. వాళ్ళ పెద్దల సామెతలట. జియావోజిని మించిన రుచి లేదు, నడుము వాల్చడాన్ని మించిన సుఖం లేదు అంటూనే రోజంతా నిలబడి పని చేసేది. చలికాలం వాటిని తినకపోతే చెవులు ఊడిపోతాయని పిల్లలను బెదిరించేది. "మియాపూర్‌ల చెవులు గడ్డకట్టేంత చలి యాడిది పెద్దమ్మా?" అని మా అబ్బాయి నవ్వితే, "మీ ఆఫీసుల ఏసీ లేదా?" అనేది.

పదో తరగతితో ఆగిపోయినదాన్ని, నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. ఆమె నన్ను చూసి, "నువ్వు కెటిల్ల ఉడికిన జియావోజివి. లోపల నిండ ఉన్నయి, మూతి సన్నం, ఒక్కటీ బయటికి రాదు" అనేది. ఆ సామెత కూడా వాళ్ళదే. నొప్పించేలా కాదు, భుజం తట్టి అనేది.

వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చిన అయిదో రోజున ఒక ఆచారం ఉంది. ఆ రోజు కుడుము అంచులు గట్టిగా నొక్కితే చాడీలు చెప్పేవాళ్ళ నోళ్ళు ఏడాదంతా మూసుకుంటాయట. "ఇది పాపం కాదా పెద్దమ్మా?" అని అడిగాను. "పాపమేంది? నోరు మూస్తున్నం, మళ్ల అదే నోటికి తిండి పెడ్తున్నం" అంది. నిజంగానే వండినవి గిన్నెల్లో సర్ది ఇంటింటికీ పంపేది. ఎవరి నోరు ఏ కుడుములో ఉందో మా ఇద్దరికే తెలుసు.

కరోనా మాట మొదలైన ఏడు ఆ గిన్నెలు తలుపుల దగ్గర నుంచే వెనక్కి వచ్చాయి. ఆమె లిఫ్టు ఎక్కితే మిగిలినవాళ్ళు దిగిపోయేవారు. కూరగాయల బండి దగ్గర ఒకతను ఆమె మొహం చూసి ఆ జబ్బు పేరు పెట్టి పిలిచాడు. కలకత్తా తప్ప ఇంకో పుట్టినూరు లేని మనిషి. ఆ సాయంత్రం మళ్ళీ పిండి కలిపి, "ఈ యేడు నోళ్లు మూయనీకి ఒక్కసారి సరిపోదు బిడ్డా" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ వారంలోనే సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు. ఆమె ఇల్లు ఖాళీ చేయాలన్నది విషయం. ఇంటి ఓనరు తల వంచుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ మూతికి చున్నీ కట్టుకుని, వెనక బండ్ల దగ్గర కూతురి చేయి పట్టుకుని నిలబడింది.

మూడో అంతస్తు ఆమె మెల్లగా, "మేమేం ద్వేషంతో అనట్లేదండీ. పిల్లలున్న ఇళ్ళు కదండీ. కొన్నాళ్ళు ఇంకోచోట ఉంటే బాగుంటుందని" అంది.

అందరూ తలలూపారు. ఆంజనేయస్వామిని తలచుకుని లేచాను.

"వదినగారూ, ఆమె ఈ ఊరికి మనకంటే ముందు వచ్చింది. మీ బిడ్డ పెండ్లికి జడ వేసింది గూడ ఆమెనే. కుడుముల ఏముందో పైన మడతలు చూసి చెప్పలేం అని ఆమె అంటుంటది. మీరు మడతలు చూసి చెప్తున్నరు. ఆమె చేతి వంట నేను నిన్న గూడ తిన్న. జబ్బుంటే నాకు గూడ ఉన్నట్టే. ఆమెను పొమ్మంటే మమ్మల్ని గూడ పొమ్మనున్రి."

అంతకంటే ఎక్కువ నాకు చేతకాలేదు. మా ఆయన నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూసి, తర్వాత లేచి నా పక్కన నిలబడ్డాడు. చివరికి ఓనరే, "ఉండనియ్యున్రి. ఏండ్ల సంది ఉంటున్న మనిషిని యాడికి పొమ్మంట?" అన్నాడు. మీటింగ్ అక్కడితో చెదిరిపోయింది.

మెట్లెక్కుతుంటే పెద్దమ్మ వెనక నుంచి నా కొంగు పట్టుకుంది. "కెటిల్ మూత తీసినవ్ బిడ్డా. గింత వేడిగ పోస్తవనుకోలే" అంది. అప్పుడు నవ్వింది, పూర్తిగా.

ఇల్లు విడిచి ఎవరు ప్రయాణమైనా ఆమె ఊరికే పంపేది కాదు. బండెక్కేటప్పుడు జియావోజి, దిగినంక నూడుల్స్ అన్నది వాళ్ళ ఆచారం. బయల్దేరేవాళ్ళకు కుడుములు పెట్టాలి, చేరినవాళ్ళకు ఆ పొడుగాటి పోగులు పెట్టాలి. మా అబ్బాయి పుణెలో ఉద్యోగానికి వెళ్ళినా, నేను శ్రీశైలం వెళ్ళినా, చేతిలో వేడి డబ్బా ఉండేది.

సోమవారం మధ్యాహ్నానికి వైకుంఠరథం వస్తుందన్నారు. కూతురు మూలన కూర్చుని, "ఆంటీ, అమ్మ అందరికీ చేసి పంపింది. అమ్మకెవరు చేస్తరు?" అంది. మరణం జరిగిన ఇంట్లో మనం పొయ్యి వెలిగించం. ఆ ఎర్రదారం గిన్నెను మా ఇంటికి తెచ్చుకున్నాను. దేవుడి గూడు తలుపులు దగ్గరికి వేసి, తప్పయితే క్షమించమని దండం పెట్టుకుని, పిండి కలిపాను.

మడుస్తుంటే వాకిట్లో అలికిడి. మూడో అంతస్తు ఆమె. చేతులు కడుక్కుని వచ్చి, పక్కన పీట లాక్కుని కూర్చుంది. ఒక బిళ్ళ తీసుకుని, కూర పెట్టి, తిప్పలు పడి అంచులు నొక్కింది.

"వదినగారూ, మడత ఇలాగేనాండీ?"

"ఇంకొంచెం గట్టిగ. విచ్చుకోవద్దు" అన్నాను. మళ్ళీ నొక్కింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు ఆమెకు.

దించినవి దించినట్టే స్టీలు డబ్బాలో సర్దాను. మూత సరిగా పట్టలేదు. రథంలో పడుకోబెట్టాక కూతురు దాన్ని వాళ్ళమ్మ తల పక్కన పెట్టింది. బండి తలుపు మూశారు. గేటు దాటి మెయిన్ రోడ్డు వైపు తిరుగుతుండగా చూశాను. అద్దానికి లోపలి వైపు, ఆమె తల దగ్గర, అరచేతంత మేర ఆవిరి పట్టి ఉంది. లోపల ఎవరో ఇంకా ఊపిరి తీసుకుంటున్నట్టు.